పిల్లలు రాసిన మ్యూజిక్‌ని మనుషులు వాయించగా వినాలి

అందరికీ నమస్కారమండి. శనివారం పొద్దున్నే డాన్స్ క్లాసులు, టెన్నిస్ క్లాసులు అన్నీ సర్దుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మ్యూజిక్ రాసే పిల్లలకి సమ్మర్‌లో అమెరికాలో ఎక్కడెక్కడ ప్రోగ్రాములు ఉన్నాయో చెప్పమని నన్ను పిలిచారు, చెప్తాను, కానీ ఆ లిస్టు మీకు ఇంటికెళ్ళి ఫోన్‌లో చూసినా దొరుకుతుంది, లిస్టులో దొరకని ముక్క ఒకటుంది, నా టైం ఎక్కువ దానికే పెడతాను.

ఇప్పుడు పిల్లలు ఎలా రాస్తున్నారో మీరు ఇంట్లో చూస్తూనే ఉన్నారు. ల్యాప్‌టాప్‌లో మ్యూజ్‌స్కోర్ అని మ్యూజిక్ రాసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దిగుతుంది, పన్నెండేళ్ళ పిల్లాడు కూడా ఒక సాయంత్రం కూర్చుని ఆర్కెస్ట్రా మొత్తానికీ రాసేస్తాడు, ప్లే నొక్కితే అన్నీ మోగుతాయి, మనకీ ముచ్చటేస్తుంది. నేను ముచ్చటని కాదనను. కానీ ఆ కంప్యూటర్ ఫ్లూట్ ఊపిరి తీసుకోదండి. నలభై బార్లు, అంటే తాళం కొలతకి గీతలు గీసి విడదీసిన నలభై గళ్ళు, ఎక్కడా ఆగకుండా రాసినా వాయించేస్తుంది. ట్రంపెట్‌కి పై స్థాయిలో పేజీలకి పేజీలు రాస్తే కంప్యూటర్‌కి పెదవులు అలసిపోవు, మనిషికి రెండో పేజీకే అయిపోతాయి. మామూలుగా వాడే బి ఫ్లాట్ క్లారినెట్ ఉంది చూడండి, దాని ముందు పెట్టిన కాగితం మీద సి అనే స్వరం ఉంటే బయటికి వినిపించేది దానికి కిందున్న బి ఫ్లాట్, ఈ సంగతి పుస్తకంలో చదివిన పిల్లలకి కూడా, అవతల మనిషి వాయించి అందరితో కలవకుండా పక్కకి మోగిన రోజునే ఒంటికి పడుతుంది. నేను చెప్పొచ్చిన ముక్క ఇదే. సమ్మర్ ప్రోగ్రాం అసలు విలువ సర్టిఫికెట్‌లో లేదు, కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైనుగా కూడా లేదు, తను రాసింది ముక్కూమొహం తెలియని మనుషులు ఎదురుగా కూర్చుని వాయించగా వినడం, రాత్రికి దిద్దుకోవడం, మళ్ళీ మర్నాడు వినడం, అందులో ఉంది.

ఇదేం కొత్త సంగతి కాదు. 1921లో ఫ్రాన్స్‌లోని ఫౌంటెన్‌బ్లో ప్యాలెస్‌లో అమెరికన్ స్టూడెంట్ల కోసం ఒక సమ్మర్ స్కూల్ పెట్టారు. దానికి అందరికంటే ముందు చేరినవాడు బ్రూక్లిన్ నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు, తర్వాత పెద్ద పేరున్న కంపోజర్ అయిన ఆరన్ కోప్లాండ్. అక్కడ కంపోజిషన్ చెప్పే మాస్టారు పోల్ విదాల్ దగ్గర అతనికి పెద్దగా కుదరలేదు. తోటి స్టూడెంట్ ఒకమ్మాయి వదలకుండా చెప్తే, అప్పటికే హార్మనీ, అంటే స్వరాల్ని ఒకేసారి కలిపి మోగించే పాఠం, చదివేసినవాడు, మళ్ళీ హార్మనీ క్లాసెందుకు అనుకుంటూనే వెళ్ళాడు, అక్కడ పాఠం చెప్తున్నావిడ నాదియా బూలాంజే. ఆ ఒక్క క్లాసుతో మనసు మారిపోయి మూడేళ్ళు పారిస్‌లోనే ఉండిపోయాడు. నేను ఈ కథ ప్రతిచోటా చెప్తాను, ఎందుకంటే మనం బ్రోషర్‌లో టీచర్ల పేర్లు చూసి పంపిస్తాం, అక్కడ పిల్లల్ని మార్చేది మాత్రం చాలాసార్లు పక్క రూంలో ఉన్న ఇంకో స్టూడెంట్ అన్న మాటే.

ఆ కోప్లాండే 1940లో మాసచూసెట్స్ కొండల్లో టాంగిల్‌వుడ్‌లో టీచర్‌గా కూర్చున్నాడు. బోస్టన్ సింఫొనీ కండక్టర్ కూసెవిట్‌స్కీ ఆ ఏడాదే అక్కడ స్కూల్ మొదలుపెట్టాడు, కోప్లాండ్ పక్కన ఇంకో కంపోజిషన్ టీచర్ జర్మన్ కంపోజర్ హిండెమిత్, కండక్టింగ్ నేర్చుకోడానికి వచ్చిన మొదటి బ్యాచ్‌లో, తర్వాత పేరుమోసిన కండక్టర్ అయిన లెనార్డ్ బెర్న్‌స్టైన్. ఒక సమ్మర్‌లో నేర్చుకున్నవాడు ఇంకో సమ్మర్‌లో నేర్పాడు. మన గురుశిష్య పరంపర లాంటిదే, కాకపోతే ఆరు వారాలు, ఎనిమిది వారాల చొప్పున. జర్మనీలో 1946లో మొదలైన డార్మ్‌స్టాట్ కోర్సులు కూడా చాలా పెద్ద పేరు, యుద్ధంలో ఊరు నేలమట్టమైన రెండేళ్ళకే, నాజీల కాలంలో వినపడకుండా చేసిన సంగీతాన్ని మళ్ళీ కుర్రాళ్ళకి వినిపించాలని పెట్టారు, కానీ అది పెద్దవాళ్ళకి, ఇవాళ వదిలేద్దాం.

ఇక మీ పిల్లల వయసుకి. చిన్నపిల్లలైతే న్యూ హ్యాంప్‌షైర్‌లోని డబ్లిన్‌లో వాల్డెన్ స్కూల్ ఉంది, తొమ్మిదేళ్ళ నుంచి తీసుకుంటారు, అక్కడ ప్రధానంగా నేర్పేదే సొంతంగా సృష్టించడం. పిల్లలు రాసినవి అందరి ముందూ వాయించి, తర్వాత రాసిన పిల్లనే నిలబెట్టి పెద్దలూ పిల్లలూ ప్రశ్నలడుగుతారు, "ఇక్కడ ఎందుకు ఆగావు, ఇది ముందే అనుకున్నావా" అని, మార్కులేం ఉండవు. హైస్కూల్ పిల్లలకి టాంగిల్‌వుడ్ పక్కనే బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 1966 నుంచి ఒక ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నారు, అందులో కంపోజిషన్ విడిగా ఉంది, సాయంత్రాలు బోస్టన్ సింఫొనీ కచేరీలు వినొచ్చు. మిషిగన్‌లో ఇంటర్‌లాకెన్ క్యాంప్ 1928 నుంచి ఉంది. కొలరాడోలో ఆస్పెన్ మ్యూజిక్ స్కూల్ కొంచెం పెద్దవాళ్ళకి. ఇవి కాక చాలా రాష్ట్రాల్లో యూనివర్సిటీలు ఒక వారం, రెండు వారాలవి పెడుతుంటాయి, మొదటిసారి వెళ్ళే పిల్లకి ఇంటికి దగ్గర్లో అలాంటిదే మంచిదని నా అభిప్రాయం.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. వేల డాలర్ల ఫీజులు. కూసెవిట్‌స్కీ పెట్టిన ఆ స్కూల్‌లో, అంటే అసలు టాంగిల్‌వుడ్ మ్యూజిక్ సెంటర్‌లో, ఎంపికైనవాళ్ళకి ఫెలోషిప్ కింద ట్యూషన్ లేదు, కానీ అది కాలేజీ చదివి బాగా ఆరితేరినవాళ్ళకి. హైస్కూల్ వాటికి స్కాలర్‌షిప్ అడగాలి, అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు, ఉద్యోగాలు చేసుకుంటున్నాం అడిగితే ఏం బాగుంటుంది అని. అడగండి. ఆ ఫండ్ పెట్టిందే అడిగినవాళ్ళకి ఇవ్వడానికి. అప్లికేషన్లు చలికాలంలోనే మూసేస్తారు, మార్చిలో గుర్తొస్తే చాలావాటికి ఆలస్యం.

ఫీజు కట్టేముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగమని చెప్తాను. మా పిల్ల రాసింది వాయించేదెవరు, జీతమిచ్చి పిలిచిన వాద్యకారులా, తోటి పిల్లలా? తోటి పిల్లలైనా ఫర్వాలేదు, నిజానికి కొన్నిసార్లు అదే బాగుంటుంది, కానీ తెలియాలి. రిహార్సల్ ఎన్ని నిమిషాలు, ఒకసారా రెండుసార్లా? ఒక్కసారే అయితే దిద్దుకుని మళ్ళీ వినే వీలు లేదు, అంటే నేను మొదట్లో చెప్పిన దాంట్లో సగం పోయినట్టే. రికార్డింగ్ ఇస్తారా, కాలేజీలకి పంపుకోవచ్చా? ఒక్కో టీచర్‌కి ఎంతమంది? వీటికి సూటిగా జవాబు చెప్పకుండా ఊరి అందాలూ హాల్ ఫొటోలూ చూపిస్తుంటే నేనైతే పంపను.

ఇప్పుడు మన ఇళ్ళల్లోనే వచ్చే చిక్కు ఒకటుంది, ఇది ఇంకెవరూ మీకు చెప్పరు. మన పిల్లలు చాలామంది కర్ణాటక సంగీతం పాడుతూ, ఇంకోవైపు స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తూ పెరుగుతున్నారు. మన దగ్గర రాసేవాడూ పాడేవాడూ ఒకడే, అందుకే వాగ్గేయకారుడు అన్నారు. త్యాగరాజస్వామి పాడితే వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ లాంటి శిష్యులు విని పట్టుకుని ముందుకి మోశారు. ఇక్కడ అలా కాదు, కాగితం ఒక్కటే వెళ్తుంది, మనం పక్కన ఉండం. కాగితం మీద లేనిది అవతలివాడు వాయించడు, వాడి తప్పు కాదు. మరి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలకడం, ఎలా రాస్తావు? ఇది మనవాళ్ళకి ఎప్పుడో వచ్చిన ప్రశ్నే. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించారు, తెలుగులో, తెలుగు లిపిలో, స్వరాన్ని ఊపే కంపితానికి ఒక గుర్తు, జార్చే జారుకి ఒక గుర్తు, స్వరాల మీద పెట్టి మరీ. మన పిల్లలు సమ్మర్‌కి వెళ్ళేముందు ఆ పేజీలు ఒక్కసారి చూసి వెళ్ళాలని నా కోరిక, స్కోర్ మొదటి పేజీలో గుర్తుల పట్టిక పెట్టుకోవడం అంటే ఏంటో అప్పుడు అర్థమవుతుంది.

నేను వీణ నేర్చుకుని ఈ దేశం వచ్చిందాన్ని. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక సమ్మర్ ప్రోగ్రాంకి వెళ్ళాను, పేరొద్దు లెండి. స్ట్రింగ్ క్వార్టెట్‌కి, అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోకి, కల్యాణి రాగంలో ఒకటి రాసుకెళ్ళాను. ల్యాప్‌టాప్‌లో వందసార్లు విన్నాను, గమకాలన్నీ నా చెవిలోనే ఉన్నాయి కాబట్టి అక్కడ లేవని నాకు తెలియనే లేదు. రిహార్సల్‌కి ఇచ్చింది ఇరవై ఐదు నిమిషాలు. మొదలుపెట్టిన రెండు నిమిషాలకే వయోలా ఆగిపోయింది. ఆవిడ నా మీద విసుక్కోలేదు, కాగితం చివర వేలుపెట్టి చూపించింది, పేజీ తిప్పాల్సిన చోట నేను ఆవిడకి ఒక్క విరామం కూడా ఇవ్వలేదు, ఒక చెయ్యి తీగ మీద, ఒక చెయ్యి బౌ మీద, తిప్పేదెవరు? ఇంకా గట్టిగా తగిలింది తర్వాతది. కల్యాణి మధ్యమం దగ్గరికి వచ్చేసరికి చెల్లో ఆయన బోర్డు గీతలా నిటారుగా వాయించాడు. నేను "అలా కాదు" అన్నాను. "మరి ఎలా" అన్నాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మాటల్లో చెప్పలేక పాడాను. పంచమం అంచు తాకి ఊగుతూ కిందికి దిగడం, వీణ మీదైతే ఒకే మెట్టు మీద తీగ లాగి పలికిస్తాం. నలుగురూ బౌలు ఒళ్ళో పెట్టుకుని విన్నారు, రెండోసారి పాడమన్నారు, మూడోసారి చెల్లో ఆయన వేలు కదిలిస్తూ నాతో పాటు దిగాడు. అప్పటికి టైం అయిపోయింది.

ఆ రాత్రి కాపీ రూంలో కూర్చుని నాలుగు పార్టులూ కత్తిరించి, మళ్ళీ అతికించి, విరామం ఉన్న చోట పేజీ తిరిగేలా సర్దాను. ప్రతి గమకం మీదా అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చిన్న నోట్లతో రాశాను. తెల్లవారింది. మర్నాడు వాళ్ళు వాయించింది కల్యాణి అని చెప్పను, పూర్తిగా కాలేదు, కానీ ఆ ఒక్క మధ్యమం వచ్చిందండి, చెక్కలోంచి, గదిలోకి, నేను పాడకుండా, నేను ముట్టుకోకుండా. అంతవరకూ నా సంగీతం నా ఒంట్లోనే కాక బయట కూడా ఉండగలదని నాకు తెలియదు.

ఇలాంటి చిక్కు పెద్దపెద్దవాళ్ళకి కూడా వచ్చింది. 1960 సమ్మర్‌లో ఆస్పెన్‌లో ఫ్రెంచ్ కంపోజర్ మియో దగ్గర నేర్చుకున్న అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్, తర్వాత పారిస్‌లో బూలాంజే దగ్గర చదువుతూ, రవిశంకర్ గారి సంగీతాన్ని ఫ్రెంచ్ వాద్యకారుల కోసం కాగితం మీద పెట్టే పనికి కుదిరాడు. బార్ గీతలు గీసిన ప్రతిసారీ లేని చోట ఒత్తు పడుతోందని తబలా అల్లారఖా గారు ఒప్పుకునేవారు కాదు, చివరికి గీతలన్నీ తీసేసి చూస్తే గానీ తాళం సంగతి అతనికి తెలియలేదు. అంటే పిల్ల రాసింది మొదటిసారి సరిగ్గా మోగకపోతే ప్రోగ్రాం బాగాలేదనీ పిల్లకి రాదనీ అనుకోకండి, ఫోన్‌లో ఏడిస్తే వెంటనే కారెక్కి తీసుకురావడానికి వెళ్ళిపోకండి, రెండో రిహార్సల్ అయ్యేదాకా ఆగండి.

ఆ చెల్లో పార్టు నా దగ్గరే ఉంది, ఇవాళ తెచ్చాను. మధ్యమం మీద ఆయన తన చేత్తో పెన్సిల్‌తో గీసుకున్న వంకర గీత ఇంకా కనిపిస్తోంది, నేను రాసిన గుర్తు కంటే అదే బాగుంది, తర్వాత నేను అదే వాడుతున్నాను. టీ తాగేటప్పుడు పిల్లలు ఆ బల్ల దగ్గరికి రండి, చూపిస్తాను. మీరు రాసుకున్నవి ఉంటే ప్రింట్ తీసినవి తెచ్చివ్వండి, మా స్టూడెంట్లు ఇద్దరు వయొలిన్లు తెచ్చారు, వాయించి చూద్దాం.