ఒక్క అక్షరం జారిపోతే

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు మీ చెవిన ఒక బొమ్మల సినిమా వేద్దామని వచ్చాను. రేడియోలో బొమ్మలేమిటి అనుకుంటున్నారేమో. నిజమే, అవి చూపించలేను. కానీ ఈ సినిమాలో కళ్ళకంటే చెవులకే పని ఎక్కువ.

పోయిన వేసవిలో మా అన్నయ్య కూతురు సెలవులకి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. జపాన్ యానిమేషన్ అంటే ప్రాణం. ఒక రాత్రి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "బాబాయ్, డిటెక్టివ్ సినిమా. హత్యుంది, బాంబుంది, నీ కోసం పద్యాలు కూడా ఉన్నాయి" అంది. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. హత్య దగ్గర ఊ కొట్టినా, పద్యాలనేసరికి కళ్ళజోడు వెతుక్కున్నాను.

ఆ సినిమా డిటెక్టివ్ కోనన్ వరసలో 21వది. 2017 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైంది. ఆ ఏడాది అక్కడి సొంత సినిమాలన్నిటిలోకీ ఎక్కువ వసూలు చేసింది ఇదే, 689 కోట్ల యెన్లు. పేరు 'కరకురెనై నో లవ్ లెటర్'. ఈ పేరులోనే ఒక తమాషా ఉంది. జపనీస్ లిపిలో అక్కడ 'ప్రేమగీతం' అని రాసుంటుంది. పక్కన చిన్న అక్షరాలతో 'లవ్ లెటర్' అని చదవమంటారు. కన్ను ఒకటి చూస్తే నోరు ఇంకొకటి పలుకుతుందన్నమాట.

కోనన్ సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. గోషో అయోయామా అనే చిత్రకారుడు 1994లో ఒక వారపత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ ఇది. ఇంకా ముగియలేదు. షినిచి కుదో అనే హైస్కూల్ కుర్రాడు గట్టి డిటెక్టివ్. నల్లదుస్తుల ముఠా ఒకటి అతని చేత విషం మింగిస్తుంది. చావాల్సినవాడు చావకుండా ఒకటో తరగతి పిల్లాడి ఒంటికి కుదించుకుపోతాడు. బుర్ర మాత్రం అలాగే ఉంటుంది. ఎవరని అడిగితే, వెనక అలమరాలో కనిపించిన ఇద్దరు రచయితల పేర్లు కలిపి, ఎదొగావా కోనన్ అని చెప్పేస్తాడు. షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కోనన్ డోయల్ ఒకరు, జపాన్ అపరాధ పరిశోధక కథలకి పెద్దదిక్కు ఎదొగావా రాంపో ఇంకొకరు. ఆ రాంపో అన్నది కూడా అసలు పేరు కాదు. ఎడ్గార్ ఎలన్ పోని జపాన్ నాలుకతో పలికితే వచ్చిన కలంపేరు. షినిచి మింగిన విషం నంబరు 4869. ఆ అంకెల్ని జపనీస్‌లో ఒకదాని పక్కన ఒకటి, షి, యా, రో, కు అని పలికి చూడండి. షెర్లాక్ వినిపిస్తాడు.

చిన్నపిల్లాడు నేరం ఛేదిస్తే నమ్మేదెవరు? అందుకని తను ఉంటున్న ఇంటాయన, మోరి కొగొరో అనే పస లేని డిటెక్టివ్‌ని, చేతిగడియారంలోంచి మత్తుసూది వదిలి నిద్రపుచ్చుతాడు. మెడకి కట్టుకున్న బో టై ఎవరి గొంతునైనా అనుకరిస్తుంది. సోఫా వెనక దాక్కుని, ఆ పెద్దాయన గొంతుతో గుట్టు విప్పుతాడు. పెద్దాయన నిద్రలోనే పేరు తెచ్చేసుకుంటాడు.

1997 నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒక కోనన్ సినిమా వస్తోంది. జపాన్‌లో ఏప్రిల్ చివర, మే మొదట్లో వరసగా సెలవులుంటాయి. పిల్లలూ పెద్దలూ థియేటర్లకి కదిలే కాలం అదే. కోవిడ్ వచ్చిన 2020 ఒక్కటే ఖాళీ పోయింది. మనకి సంక్రాంతి సినిమా ఎలాగో, వాళ్ళకి కోనన్ సినిమా అలాగ. మొదటి సినిమా చూసిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళుతున్నారు. 2024లో వచ్చిన 27వ సినిమా 1,500 కోట్ల యెన్లు దాటింది.

ఇక మన సినిమాకి వద్దాం. ఒసాకాలో ఒక టీవీ స్టూడియో. అక్కడ కరుతా ఆట రికార్డు చేస్తుండగా బాంబు ఉందని బెదిరింపు వస్తుంది, భవనం పేలిపోతుంది. అదే సమయానికి క్యోటో శివారు అరషియామాలో ఒక కరుతా ఆటగాడి హత్య జరుగుతుంది. ఈ రెంటికీ ముడి ఏమిటన్నది కోనన్ తేల్చాలి. తోడు హత్తోరి హైజీ అని ఒసాకా కుర్రాడు, అతనూ డిటెక్టివే. హైజీ మాట్లాడేది ఒసాకా యాస. పక్కన ఉన్న తోక్యో పిల్లల మాటకీ అతని మాటకీ తేడా జపనీస్ రాని నా చెవికి కూడా తెలిసిపోయింది. కోస్తావాళ్ళ మధ్య సీమ కుర్రాడు మాట్లాడుతున్నట్టుంది.

కరుతా అంటే పేకముక్కలు. పదం పోర్చుగీసు వర్తకుల 'కార్తా' నుంచి వెళ్ళింది. కానీ ఈ ఆటలో రాజూ రాణీ ఉండరు. ముక్కల మీద ఉండేది కవిత్వం. ఫుజివారా నో తెయికా అనే కవి 13వ శతాబ్దంలో నూరుగురు కవుల్ని ఎంచి, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క పద్యం చొప్పున నూరు పద్యాలు ఏర్చాడు. దాన్ని హ్యాకునిన్ ఇష్షు అంటారు. నూరుగురు, తలా ఒకటి. మన శతకం దీనికి తిరగేత కదా, ఒక్కరు నూరు రాస్తారు. మామూలుగా పద్యం 31 మాత్రలు, అయిదు, ఏడు, అయిదు, ఏడు, ఏడుగా విరుగుతుంది. 1235లో ఒక బంధువు విడిదింటి తలుపులకి అలంకారంగా రాసిచ్చిన పద్యాల నుంచి ఈ సంకలనం పుట్టిందని చెబుతారు. ఆ ఇల్లు ఒగురా కొండ దగ్గర, అంటే సినిమాలో హత్య జరిగిన అరషియామాకి కూతవేటు దూరంలో. సినిమా రాసిన ఓకురా తకహిరో రహస్య నవలల రచయిత. చోటు ఊరికే ఎంచుకోలేదు.

ఆట ఇలా సాగుతుంది. చాప మీద ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుంటారు. నూరులో యాభై ముక్కలే పరుస్తారు, చెరో పాతిక. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి పదిహేను నిమిషాలు. ముక్క మీద పద్యం ఉత్తరార్ధం మాత్రమే ఉంటుంది. చదివేవారు పూర్వార్ధం ఎత్తుకుంటారు. పద్యమంతా కంఠతా వస్తే తప్ప ఏ ముక్కో తెలియదు. ముందు పాత పద్యం చివరి పాదాలు రాగం తీస్తారు. ఆ రాగం సాగి సాగి ఆగుతుంది. ఒక్క సెకను నిశ్శబ్దం. తర్వాత కొత్త పద్యం మొదటి అక్షరం. అంతే, చెయ్యి కత్తి దూసినట్టు వెళుతుంది, ముక్క ఎగిరి గోడకి తగులుతుంది. పరచని యాభై పద్యాలు కూడా మధ్యలో చదువుతారు. తొందరపడి చెయ్యి వేశారా, తప్పు.

ఆ ఒక్క సెకనునీ ఈ సినిమా ఎంత బాగా పట్టుకుందో చెప్పలేను. సంగీతం ఆగిపోతుంది. ఊపిరి వినిపిస్తుంది. వేళ్ళు చాప మీద రవ్వంత కదులుతాయి. నేను సబ్‌టైటిల్స్ చదువుతూ కూర్చుంటే మా పిల్ల నా భుజం తట్టి, "చదవకు బాబాయ్, విను" అంది.

నూరు పద్యాల్లో ఏడింటికి మొదటి అక్షరం చాలు. ము, సు, మె, ఫు, స, హో, సె. ఈ అక్షరాలతో మొదలయ్యే పద్యాలు ఒక్కొక్కటే ఉన్నాయి. కొన్నిటికి రెండక్షరాలు వినాలి. అన్నిటికన్నా మొండివి ఆరక్షరాల దాకా ఆగమంటాయి. 'అసబొరకె' అని మొదలయ్యేవి రెండున్నాయి. ఆరో అక్షరం 'అ' అయితే ఒక పద్యం, 'ఉ' అయితే ఇంకో పద్యం.

ఇది మనవాళ్ళకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే సుమతి శతకం గుర్తొచ్చింది. నేను 'ఎప్ప' అన్నాననుకోండి, 'ఎప్పటికెయ్యది ప్రస్తుత' అని మీరు అందుకుంటారు. మరి 'ఎప్పు' అంటే? తొందరపడకండి. 'ఎప్పుడు సంపద కలిగిన' ఉంది, 'ఎప్పుడు తప్పులు వెదకెడు' కూడా ఉంది. 'ఎప్పుడు' పూర్తయ్యాక 'స' వస్తుందా, 'త' వస్తుందా అని చెవి రిక్కించి కూర్చోవాలి. అసబొరకె కష్టం సరిగ్గా ఇదే. ఇంకో మెలిక, 'సంపద' ముందే చదివేసి ఉంటే 'ఎప్పు' దగ్గరే చెయ్యి వేసేయొచ్చు. అంటే ఏవి అయిపోయాయో కూడా బుర్రలో లెక్క నడుస్తూ ఉండాలి. అవధానికి ధారణ ఎలాంటిదో ఈ ఆటగాళ్ళకి అది అలాంటిది, కాకపోతే వీళ్ళు నోటితో చెప్పరు, చేత్తో కొడతారు.

కథలో కజుహా అని హైజీ చిన్ననాటి స్నేహితురాలు. అతనంటే ఇష్టం, చెప్పుకోలేదు. స్టూడియో పేలుడులో కరుతా ఆడే స్నేహితురాలి చేతికి దెబ్బ తగిలితే ఆమె బదులు కజుహా పోటీకి దిగుతుంది. ఎదురు కూర్చునేది ఓఓకా మొమిజి, హైస్కూల్ ఛాంపియన్. మొమిజి అంటేనే శరత్తులో ఎర్రబారిన ఆకు. ఆ పిల్లకీ హైజీ మీదే మనసు. కజుహాకి ఆట నేర్పేది హైజీ తల్లి. కోడలవుతుందని ఆశో ఏమో, గట్టిగానే నేర్పుతుంది.

కజుహా తనదనుకున్న ముక్క 'షినొబురెదొ' అని మొదలయ్యే పద్యానిది. ఆ పద్యం అర్థం ఇంచుమించు ఇది: దాచుకుంటూనే ఉన్నాను, అయినా నా వలపు మొహం మీదికి వచ్చేసింది, ఏమిటంత ఆలోచన అని నలుగురూ అడిగేంతగా. రాసినవాడు తయిరా నో కనెమొరి. దీని వెనక ఒక కథ ఉంది, సినిమా కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది. 960లో మురకమి చక్రవర్తి కొలువులో కవితల పోటీ జరిగింది. దాచుకున్న ప్రేమ మీద చెరో పద్యం. కనెమొరిది ఒకటి, మిబు నో తదమి అనే కవిది ఇంకొకటి. రెండూ సరిసమానం. తీర్పరికి ఎటూ తేలలేదు. చక్రవర్తి పైకి ఏమీ అనలేదు గాని, తనలో తను ఒక పద్యం గొణుక్కుంటున్నాడు. పక్కనున్నవాళ్ళు చెవి పెట్టి విన్నారు. షినొబురెదొ. కనెమొరి గెలిచాడు. ఓడిన తదమి బెంగతో మంచం పట్టి పోయాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ ఇద్దరి పద్యాల్నీ తెయికా తన సంకలనంలో 40, 41గా పక్కపక్కనే పెట్టాడు.

సినిమా పేరులోని కరకురెనై కూడా ఇందులోదే. ఆరివరా నో నరిహిరా పద్యంలో, తత్సుతా నది నీళ్ళు రాలిన ఆకులతో, ముడులు కట్టి రంగులో ముంచిన పట్టులా కనిపిస్తాయి. ఆ చిక్కటి ఎరుపు కరకురెనై. తెర మీద అరషియామా కొండలు ఆ రంగులోనే ఉంటాయి. ఆఖర్న కురాకి మయి పాడిన పాట అక్కడి తొగెత్సు వంతెన గురించే. ఆ పేరుకి చంద్రుడు దాటే వంతెన అని అర్థం.

పొగడ్తలు చాలు. చివరి అరగంట నాకు రుచించలేదు. కొండ మీద పోటీ జరిగే మంటపానికి కూడా బాంబులు పెట్టాలా? కోనన్ కూలుతున్న మేడ మీద స్కేట్‌బోర్డు తొక్కుతుంటే భౌతికశాస్త్రం చెప్పినవాడు దొరికితే బాగుండుననిపించింది. "అదే కదా బాబాయ్ మజా" అంది మా పిల్ల. దర్శకుడు షిజునో కోబున్‌కి పేలుళ్ళంటే మోజు ఎక్కువట. నాకైతే ఆ పేలుళ్ళన్నీ కలిపినా, చాప మీద ఆ ఒక్క సెకను మౌనానికి సరిపోలేదు.

హంతకుడెవరో చెప్పను. కానీ ఇంకో గుట్టు చెప్పకుండా ఉండలేను, క్షమించండి. చిన్నప్పుడు కరుతా పోటీలో ఓడి ఏడుస్తున్న మొమిజితో హైజీ ఒక మాట అన్నాడు. ఈసారి కలిస్తే నిన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడని ఆమె నమ్మకం. 'యోమె ని తొరు', అంటే భార్యగా తీసుకోవడం. ఏళ్ళ తరబడి ఆ మాట మీదే బతికింది. తీరా చూస్తే అతనన్నది 'త్సుయోమె ని తొరు'. ఈసారి ముక్కల్ని కాస్త గట్టిగా కొట్టి తీసుకుంటాను అని. ముందున్న 'త్సు' ఒక్కటి ఆమె చెవిని పడలేదు. ఒకే ఒక్క అక్షరం విని ముక్క ఎత్తే ఛాంపియన్ ఆ పిల్ల!

మర్నాడు మా ఇంట్లో సుమతి శతకం చీటీలు తయారయ్యాయి. రెండో సగం మాత్రం రాసి హాల్లో పరిచాం. నేనూ మా పిల్లా ఎదురెదురుగా కూర్చున్నాం. చదవడానికి మా ఆవిడ. పోపు మాడకుండా మధ్యమధ్యలో వంటింట్లోకి వెళ్ళి వస్తూ చదువుతోంది. ఒకసారి గుమ్మంలోనే నిలబడి "ఎప్పు" అని ఆగింది. నలభై ఏళ్ళుగా నోట్లో నానిన పద్యం, నేను ఆగుతానా? 'సంపద' చీటీ మీద అరచెయ్యి పడిపోయింది. ఆవిడ గరిటె తిప్పుకుంటూ నా వంకే చూసి, తీరుబడిగా, "ఎప్పుడు తప్పులు వెదకెడు" అంది.

నమస్కారం.