మూడు విజిళ్ల వ్యాయామం

అందరికీ నమస్కారం.

బ్యాంకు ఉద్యోగుల సభలో వ్యాయామం గురించి మాట్లాడడానికి డాక్టరుని కాకుండా నన్నెందుకు పిలిచారో నాకు తెలుసు. అంతా ఆ వాటర్ క్యాన్ వల్లే. పోయినేడాది మెసెంజర్ సెలవు పెట్టిన రోజు ఇరవై లీటర్ల క్యాన్ ఖాళీ అయింది. ముగ్గురు మగవాళ్లు ‘నాకు నడుం’, ‘నాకు భుజం’ అంటూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, యాభై ఏళ్ల నేను వెళ్లి ఎత్తి పెట్టాను. అప్పట్నుంచీ నాకు బలమైన మనిషినని పేరు.

అంతకు మూడేళ్ల ముందు నా సంగతి వేరు. మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. కథ అయ్యేదాకా కింద కూర్చుని, హారతికి లేవబోతే లేవలేకపోయాను. ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఇంకో చెయ్యి పక్కనున్న పిల్ల భుజం మీద వేసి, ‘అమ్మా’ అంటూ లేచాను. మోకాళ్లలో నొప్పేం లేదు. తొడల్లో సత్తువ లేదు, అంతే. రోజూ సాయంత్రం నాగావళి వంతెన దాకా నడుస్తూనే ఉన్నాను మరి!

నడక గుండెకు మంచిదే గానీ కండకు చాలదు. ముప్పై దాటాక పని చెప్పని కండ కొద్దికొద్దిగా తరుగుతూ వస్తుంది, అరవై దాటాక ఆ తరుగు జోరందుకుంటుంది. మనం తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారితే, అందులో ఎక్కువ వాటా లాక్కునేది కండే. అందుకే షుగరున్న వాళ్లకి ఈ మాట మరీ ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, కనీసం 2 రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే పని చెప్పమంది. రోజూ గంట జిమ్ములో ఉండమని అందులో లేదు.

‘ఇంటి పనంతా నేనే చేస్తాను, ఇంకా వ్యాయామమా?’ అని నా స్నేహితురాళ్లు అంటారు. ఇరవై ఏళ్లుగా మోస్తున్నది అదే బకెట్టు. ఒళ్లు దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. బరువు పెరగకపోతే కండకు పెరగాల్సిన అవసరమేముంది?

నేనూ ముందు జిమ్ముకే వెళ్లాను. ఏడాదికి సరిపడా డబ్బు ఒకేసారి కట్టి, మొత్తం పంతొమ్మిది రోజులు వెళ్లాను. రానూపోనూ నలభై నిమిషాలు. మార్చి నెలాఖరు లెక్కలు మొదలయ్యాక మళ్లీ ఆ మెట్లెక్కలేదు. తప్పు జిమ్ముది కాదు, లేని గంటని ఉందనుకోవడం నాది.

ఇప్పుడు నా వ్యాయామం వంటింట్లో. కుక్కర్ స్టవ్ మీద పెట్టినప్పట్నుంచి మూడో విజిల్ వచ్చేదాకా పావుగంట పడుతుంది. గట్టు మీద చేతులానించి పన్నెండు దండీలు, వెంటనే పన్నెండు బస్కీలు. చిన్నప్పుడు మాస్టారు తీయించిన గుంజీలే అనుకోండి, చెవులు పట్టుకోనక్కర్లేదు. చేతులు పని చేస్తుంటే కాళ్లకి విశ్రాంతి, కాళ్లు పని చేస్తుంటే చేతులకి. ఊరికే కూర్చునే టైము ఉండదు. మిగిలింది వీపు. దానికి చేతిసంచీలో బియ్యం పోసి, నడుం నిటారుగా ఉంచి ముందుకి వంగి, సంచీని పొట్ట దగ్గరికి లాగుతాను. ఇవే మూడు సార్లు తిప్పి చేస్తే విజిల్ వచ్చేస్తుంది. మంగళవారం, శుక్రవారం, వీలైతే ఆదివారం.

ఆ సంచీలో మొదట అయిదు కిలోలు. పన్నెండు సార్లు తేలిగ్గా లాగగలిగిన రోజున ఇంకో కిలో పోస్తాను. ఇప్పుడు పద్నాలుగు. ‘బియ్యం వ్యాపారం పెట్టావా?’ అంటారు మా ఆయన. చివరి రెండు సార్లూ కష్టమనిపించాలి, అదే కొలత. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టొద్దు. నడుం నొప్పి, హెర్నియా ఉన్నవాళ్లు ముందు డాక్టర్నడగండి.

పెళ్లిళ్లొస్తాయి, ఆడిట్ వస్తుంది, వారం తప్పుతుంది. తప్పనివ్వండి. బాకీ తీర్చినట్టు తర్వాతి వారం రెట్టింపు చేయొద్దు, అది వడ్డీ లెక్క కాదు. పోయినసారి బరువుకి ఓ కిలో తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

మన శ్రీకాకుళంలో బరువులంటే కోడి రామమూర్తి గారో, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరో గుర్తొస్తారు. అవన్నీ మనకెందుకులే అనుకుంటాం. నేను మాట్లాడుతున్నది పీట మీంచి లేవడం గురించి, గ్యాస్ బండ జరపడం గురించి. నిండు బండ ముప్పై కిలోల దాకా తూగుతుంది. ఆ పని రోజూ ఎవరో ఒకరికి పడేదే.

టీ రావడానికి ఇంకా అయిదు నిమిషాలుందట. అందరూ కుర్చీ అంచుకి జరగండి. చేతులు గుండెల మీద కట్టుకోండి. దేన్నీ పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. వెనక వరసలో క్యాషియర్ గారూ, ఆ ఫోను పక్కన పెట్టండి. ఆఁ... ఒకటి.