గెలిచాక ఏం చేస్తారన్నదే ప్రశ్న: ఇల్లిబరలిజంపై హనుమకొండ స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: ఈ మధ్య ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా 'ఇల్లిబరల్' అనేస్తున్నారు. అసలు ఎవరిని అనాలి సార్?

పొలిటికల్ సైన్స్ లెక్చరర్: ఎన్నికల్లో గెలిచి, ఆ తర్వాత కోర్టులు, పత్రికలు తమకు అడ్డు రాకుండా చేసుకునేవాళ్లను. 1997లో అమెరికా జర్నలిస్టు ఫరీద్ జకారియా 'ఇల్లిబరల్ డెమోక్రసీ' అని రాసింది విమర్శగానే. 2014 జులైలో హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ మాత్రం, మేం కట్టేది ఇల్లిబరల్ రాజ్యమే అని గొప్పగా చెప్పుకున్నారు.

వ్యాఖ్యాత: తిట్టునే బిరుదు చేసుకున్నారన్నమాట!

న్యాయవాది: పని కూడా అంత నేర్పుగానే చేశారండి. 2010లో ఓర్బాన్ కూటమికి మూడింట రెండు వంతుల సీట్లొచ్చాయి. జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కి దించారు. ఎవర్నీ పేరు పెట్టి తీసేయలేదు. చట్టం పాసైంది, సీనియర్లు ఇంటికి పోయారు. 2012 నవంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు అది తప్పని తేల్చింది. అప్పటికే చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు.

వ్యాఖ్యాత: నిజాం కాలంలో సభ పెట్టాలంటే పర్మిషన్ కావాలన్న గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు కూడా ఇలాంటిదేనా?

లెక్చరర్: కాదు కాదు. నిజాంకు ఓటేసిందెవరు? అది పక్కా నిరంకుశత్వం. ఇల్లిబరల్ నాయకుడికి బ్యాలెట్ పెట్టె కావాలి, దాన్ని చూపించి మరీ ఎదుటివాళ్ల నోరు మూయిస్తాడు.

న్యాయవాది: మరి ఎమర్జెన్సీ?

లెక్చరర్: నేను అందులో కలపను. హక్కులను బాహాటంగానే పక్కన పెట్టారు, 1977లో ఎన్నికలు పెట్టి ఓడి దిగిపోయారు.

న్యాయవాది: ఒప్పుకోను సార్. 1976 నాటి 42వ సవరణ చూడండి. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని రాసుకున్నారు, అదీ పార్లమెంటులో మెజారిటీతోనే! 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది కాబట్టి బతికిపోయాం.

లెక్చరర్: సరే, ఆ సవరణ వరకూ ఒప్పుకుంటా.

వ్యాఖ్యాత: కాజీపేట నుంచి ఫోన్లో ఒకాయన అడుగుతున్నారు, ధర్నాకు పర్మిషన్ ఇవ్వకపోతే ఇల్లిబరలిజమేనా అని.

న్యాయవాది: ఒక్కసారికే అంత మాట వద్దన్నా. హైకోర్టుకు పోతాం, ఆర్డర్ వస్తే చేసుకుంటాం. అధికారంలో ఉన్నవాళ్ల సభకో రూలు, మీ ధర్నాకో రూలు పెట్టి, ఆ కోర్టుకు పోయే దారి కూడా చట్టంతో మూసేస్తే అప్పుడు అనండి.

వ్యాఖ్యాత: చిన్న బ్రేక్ తీసుకుందాం.