కాలువ ఎవరిది, జవాబు ఎవరిది
(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సాటి అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం.

"ఆర్థిక వ్యవస్థలు, ప్రభుత్వ రూపాలు: ఒక పోలిక" అని నాకు అంశం ఇచ్చారు. పేరు వినగానే మీకు నోట్సు గుర్తొచ్చి ఉంటుంది. పెట్టుబడిదారీ విధానం, లక్షణాలు ఆరు. సామ్యవాదం, లోపాలు ఐదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ అలాగే చెప్పాను. ఇప్పుడు రిటైరయ్యాను, సిలబస్ అయిపోలేదన్న టెన్షన్ లేదు. కాబట్టి ఇంకో రకంగా చెబుతాను.

మీరు రోజూ దాటే కె.సి. కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ, ఉంది కదా, దాన్ని ఎవరు తవ్వించారు? బ్రిటిష్ ప్రభుత్వం అంటారు చాలామంది. కాదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1860ల్లో తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు మీదుగా కడప దాకా నీళ్లు తీసుకుపోవాలి, అందులోనే పడవలు కూడా నడవాలి, రెండింటి మీదా రాబడి రావాలి అని వాళ్ల లెక్క. ఇందులో తమాషా ఏమిటంటే, వాటాదారులకు 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం. కాలువ పారినా పారకపోయినా వాళ్ల 5 శాతానికి ఢోకా లేదు. ఆ డబ్బు కట్టింది శిస్తు కట్టే రైతు. వానను నమ్ముకుని నల్లరేగడిలో జొన్న, కొర్ర వేసుకునే రైతు నీటి తీరువా కట్టడానికి ముందుకు రాలేదు. అనుకున్నంత ఆయకట్టు తేలలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

మరి ఇది పెట్టుబడిదారీ విధానమా, ప్రభుత్వ రంగమా? పరీక్షలో అడిగితే నేనైనా తడబడతాను.

అందుకని రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకుందాం. ఆస్తి ఎవరిది, ఏం పండించాలో ఎంతకు అమ్మాలో ఎవరు తేలుస్తారు అన్నది మొదటిది. అది ఆర్థిక వ్యవస్థ. అలా తేల్చినవాడు తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి, వాణ్ణి దింపే దారి ఏది అన్నది రెండోది. అది ప్రభుత్వ రూపం. మనం ఈ రెండింటినీ కలిపి ఒకే మూట కట్టేస్తాం. మార్కెట్ ఉంటే ప్రజాస్వామ్యం, ప్రణాళిక ఉంటే నియంతృత్వం అనుకుంటాం. చిలీలో 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక మార్కెట్‌కు పగ్గాలు తీసేసింది, ఓటును మాత్రం కట్టేసింది. చైనా 1978 తరువాత మార్కెట్‌ను రానిచ్చింది, పార్టీ మాత్రం ఒక్కటే. స్వీడన్‌లో రాజు ఉన్నాడు, ఎన్నికలూ ఉన్నాయి, ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి, పన్నులు మాత్రం మన గుండె ఆగేంత. వ్యాపారుల స్వర్గం అనుకునే సింగపూర్‌లో ఐదుగురిలో నలుగురు సర్కారు కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఇక ఉత్తర కొరియా పేరులో "ప్రజాస్వామ్య" అని ఉంది. బోర్డు చూసి హోటల్‌లో దూరకూడదు.

ఆ దేశాలను అలా ఉంచి మన ఊరికి వద్దాం. పాఠ్యపుస్తకంలో ఎన్ని ప్రభుత్వ రూపాలున్నాయో దాదాపు అన్నీ కర్నూలు చూసింది. 1839 దాకా నవాబు. తరువాత ఈస్టిండియా కంపెనీ. అంటే వాటాదారులున్న ప్రభుత్వం! ఇలాంటి జంతువును ఏ గడిలో పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. 1858 నుంచి ఇంగ్లండు రాణి పాలన. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కూడా అయింది, మూడేళ్లపాటు.

కంపెనీ పాలనలో మన్రో సంగతి చెప్పాలి. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాలకు, అంటే నవాబు కింద లేని చుట్టుపక్కల సీమకు, కలెక్టరుగా వచ్చాడు. బెంగాల్లో జమీందార్లకు ఊళ్లు రాసిచ్చినట్టు ఇక్కడ చేయలేదు, రైతు పేరునే శిస్తు కట్టాడు. రైత్వారీ అంటే అదే. మంచివాడని ఈ సీమలో పేరు, 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయాడు. అయితే ఆ మంచితనానికి ఉన్న హద్దు చూడండి. శిస్తు మరీ ఎక్కువైంది, నాలుగో వంతు తగ్గించండి అని 1807లోనే రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ ఆ పని కాలేదు. పదమూడేళ్లు! భారం మోసిన రైతును మధ్యలో ఒక్కరు అడగలేదు, అడగాలన్న నియమమూ లేదు.

ఇప్పుడు కరువు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి.

1876–78 నాటి ధాత కరువు పేరు మీ అవ్వాతాతలు విని ఉంటారు. వానలు పోయాయి, గింజల ధర ఆకాశానికి ఎక్కింది. వైస్రాయ్ లిట్టన్ సర్కారు నమ్మకం ఏమిటంటే, ధర పెరిగితే వ్యాపారే గింజలు తెస్తాడు, మధ్యలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు అని. గింజలు రైళ్లలో వచ్చినా కొనే డబ్బు కూలివాడి చేతిలో లేదు. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. ఆయన ఖరారు చేసిన కూలి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కన్నా తక్కువ, దాని పైన ఒక అణా. దానికి రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లాలో జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినవాళ్లు, వలస పోయినవాళ్లు, పుట్టనివాళ్లు అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

చూశారా మార్కెట్ చేసిన ఘనకార్యం అని కొందరంటారు. ఆగండి. 1932–33లో సోవియట్ ఉక్రెయిన్‌లో, 1959–61లో చైనాలో లక్షలకు లక్షలు ఆకలితో పోయారు. అక్కడ మార్కెట్ లేదు, అంతా ప్రణాళికే. పై అధికారికి మంచి లెక్కలు చూపించాలని కింద ఉన్నవాడు పండని పంటను పండినట్టు రాశాడు. ఆ లెక్క ప్రకారం గింజలు తోలుకుపోయారు. తప్పని రాసే పత్రిక లేదు, దింపే ఓటు లేదు. ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదన ఇక్కడే ఉంది: ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్నచోట ఇలాంటి పెద్ద కరువు చావులు జరగవు. 1952లో సీమలో మళ్లీ గట్టి కరువు వచ్చింది. అది మన మొదటి ఎన్నికల కాలం. గంజి కేంద్రాలు పెట్టారు. గంజి నీళ్లలా ఉందని తిట్టుకున్నా జనం బతికారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని అప్పటి చట్టం. టెంపుల్ కూలికీ దీనికీ తేడా డబ్బులోనే కాదు. మొదటిది దయ, రెండోది హక్కు. పని ఇవ్వకపోతే అడగొచ్చు.

అలాగని మరీ పొంగిపోకండి. కరువు చావులను ఆపే ప్రజాస్వామ్యం సుగ్గిని, అంటే కూలి కోసం ఊరొదిలి పోయే వలసను, ఆపలేకపోయింది. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో ఇళ్లకు తాళం వేసి, పిల్లల్ని బడి మాన్పించి, మిరప కోతలకు గుంటూరు వైపు ఇప్పటికీ పోతున్నారు. చావు వార్త అవుతుంది. వలస అవ్వదు.

ఇక 1991. దేశం తలుపులు తెరిచిన ప్రధాని పి.వి. నరసింహారావు జూన్‌లో ప్రమాణం చేసే నాటికి ఆయన ఎంపీ కాదు. ఆరు నెలల్లో గెలవాలి. నవంబరులో మన నంద్యాల నుంచే పోటీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే నిలబెట్టలేదు. ఐదు లక్షలు దాటిన మెజారిటీ. రూపాయి విలువ, లైసెన్సులు, దిగుమతులు, ఇంత పెద్ద మార్పు చేసిన మనిషి కూడా నంద్యాలకు వచ్చి దండం పెట్టాల్సి వచ్చింది. అయితే ఆ ఓటు సంస్కరణలకు వేసిందా? కాదు, మనవాడని వేసింది. జవాబుదారీ అంటే ఇంత వంకరగా కూడా ఉంటుంది.

కిందటి నెల మార్కెట్ యార్డుకు పోయినప్పుడు ఒక ఉల్లి రైతు నన్ను నిలదీశాడు. "సార్, రేటు పడిపోతే మార్కెట్ అంటారు, మేమేం చేసేది అంటారు. రేటు లేస్తే మాత్రం ఎగుమతి బంద్ అంటారు. ఇది ఏ పద్ధతి?" అన్నాడు. నా ఎం.ఎ. ఎకనామిక్స్ అక్కడ పనికి రాలేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపేసింది. కడప వైపు పండే కృష్ణాపురం ఉల్లి మన ఇళ్లలో వాడరు, ఘాటు ఎక్కువ, అది బయటి దేశాలకే పోవాలి. దాన్నీ కలిపి ఆపేశారు. మొత్తుకున్నాక నెల తరువాత 10,000 టన్నులకు అనుమతి వచ్చింది.

ఎందుకంటే ఉల్లి పండించే ఓట్లు కొన్ని, ఉల్లి తినే ఓట్లు కోట్లు. ఆ ఉల్లి రైతుకు ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మేమూ తక్కువేం లేము సార్. కానీ ఈ ఏడు ఉల్లి వేసినోడు వచ్చే ఏడు పత్తి వేస్తాడు. ఇంక ఉల్లి రైతులు ఎవరు?" అన్నాడు.

నా దగ్గర దానికి జవాబు లేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఉల్లి వేస్తే చెప్పండి. ఆ మైకు వెనక వరుసకు ఇవ్వండి, అక్కడ ఎవరో చేయి ఎత్తినట్టున్నారు.