పజిళ్ళు, కూరలు, పునీతురాళ్ళు: పోపు పేజీ చూసి పుస్తకం కొనండి

[బల్ల మీద మూడు పుస్తకాలు. పక్కన స్టవ్ మీద చిన్న మూకుడు.]

నమస్తే అండీ. పుస్తకాల స్టాల్లో నిలబడితే ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తుంది. పజిళ్ళ పుస్తకం చేతిలోకి తీసుకుని "ఇందులో ఎన్ని ఉన్నాయండీ?" అంటారు. వంటల పుస్తకమైతే "ఎన్ని రకాలు?" పునీతుల, అంటే కథోలిక సంఘం పుణ్యాత్ములుగా ప్రకటించినవాళ్ళ చరిత్రలైతే "మొత్తం ఎంతమంది?" జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడల్లా ఇది వింటాను, విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అట్ట మీద 501 అని ఉంటే 101 పక్కన పడిపోతుంది. లోపల ఏముందో ఎవరూ తిరగెయ్యరు.

నేనూ ఒకసారి అలాగే కొన్నాను. మా పెద్దమ్మ లెక్కల టీచరుగా రిటైరైంది. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం నలభై రోజులూ మాంసం ముట్టదు. పొద్దున్నే గుడికి వెళ్తుంది, మధ్యాహ్నం పజిళ్ళు చేస్తుంది. "మూడు పుస్తకాలు తెచ్చిపెట్టవే. ఒకటి బుర్రకి, ఒకటి వంటకి, ఒకటి ఆత్మకి" అని అడిగింది. లావుగా ఉన్నవి చూసి మూడూ తీసుకెళ్ళాను. వారం తిరక్కుండానే మూడూ నా చేతిలో పెట్టేసింది. "వీటిలో జవాబులున్నాయి తల్లీ, దారి లేదు" అంది.

ఈ వీడియో అంతా ఆ ఒక్క మాట గురించే.

[మూకుడు కింద మంట వెలిగిస్తూ]

పులిహోర పోపు పెడుతున్నామనుకోండి. ఒక పుస్తకం "పోపు వేయించి అన్నంలో కలపండి" అని ఊరుకుంటుంది. పోపు పెట్టడం వచ్చినవాళ్ళకి ఆ వాక్యం అక్కర్లేదు, రానివాళ్ళకి దానివల్ల పనేమీ జరగదు. ఇంకో పుస్తకం ఇలా చెబుతుంది: పల్లీలు, శనగపప్పు ముందు వెయ్యి, వాటికి టైము ఎక్కువ పడుతుంది. పప్పు రంగు తిరగడం మొదలయ్యాక ఆవాలు. ఆవాలు చిటపటలాడుతుండగానే ఎండుమిర్చి, అది నల్లబడేలోగా మంట తగ్గించి ఇంగువ. కరివేపాకు తడిగా ఉంటే చిందుతుంది, మూత చేతిలో పట్టుకో. ఇది రాసిన మనిషి మూకుడు ముందు నిలబడి రాసింది. చెయ్యి కాల్చుకుని నేర్చుకుంది.

పచ్చి సరుకుకీ తయారైన వంటకీ నడుమ జరిగేది ఉంది చూశారా, నేను దాన్నే పోపు పేజీ అంటున్నాను. ప్రశ్నకీ జవాబుకీ నడుమ అలాంటి పేజీ ఉండాలి. పుట్టిన పసిపాపకీ పీఠం మీద నిలబెట్టిన పునీతురాలికీ నడుమ కూడా ఉండాలి. కొనే ముందు పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరిచి దీనికోసం చూడండి.

ముందు పజిళ్ళు. భాస్కరాచార్యుడి లీలావతి 1150 నాటిది. అందులో తేనెటీగల లెక్క ఒకటుంది.

[తెర మీద తేనెటీగల బొమ్మ]

ఒక గుంపులో అయిదో వంతు కడిమి పువ్వు మీదికి వెళ్ళాయి. మూడో వంతు శిలీంధ్ర పువ్వు మీదికి వెళ్ళాయి. ఈ రెండింటి తేడాకి మూడింతలు కుటజం పువ్వు మీదికి వెళ్ళాయి. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఒక పక్క మొగలి వాసన, ఇంకో పక్క మాలతి వాసన లాగుతుంటే ఎటూ తేల్చుకోలేక గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

జవాబు 15. చెప్పేశాను. మీకేమన్నా సంతోషం కలిగిందా? నాకైతే కలగలేదు.

ఇప్పుడు పోపు పేజీ చూడండి. భాస్కరుడు దీన్ని ఇష్టకర్మ అనే పద్ధతి కింద పెట్టాడు. మీకు ఇష్టమైన అంకె ఏదో ఒకటి అనుకోండి. 30 అనుకుందాం. అయిదో వంతు 6, మూడో వంతు 10. తేడా 4, దానికి మూడింతలు 12. అన్నీ కలిపితే 28. మిగిలినవి 2. కానీ మనకి మిగలాల్సింది 1. సగం కావాలి కాబట్టి 30లో సగం, 15. తప్పు అంకెతో మొదలుపెట్టి ఒప్పు దగ్గర తేలాం! తప్పుగా అనుకున్నా ఫర్వాలేదు, అక్కడినుంచి దారి ఉంది అని ఒక పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఎనిమిది వందల డెబ్భై ఏళ్ళు దాటినా ఇది ఇంకా చిటపటలాడుతూనే ఉంది.

లెక్కల పుస్తకం మన భాషకి కొత్తేమీ కాదని కూడా ఇక్కడే చెప్పాలి. జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం మొదలుపెట్టిన శతాబ్దం అది. బళ్ళో నన్నయ పేరు చెప్పినన్నిసార్లు మల్లన పేరు చెప్పరు, నాకు ఆ బాధ ఎప్పుడూ ఉంది.

ఇంగ్లీషు చదవగలిగితే రేమండ్ స్మల్యన్ 1978లో వేసిన "వాట్ ఈజ్ ద నేమ్ ఆఫ్ దిస్ బుక్?" పట్టుకోండి. ఒక దీవి. అక్కడ కొందరు ఎప్పుడూ నిజమే చెబుతారు, మిగతావాళ్ళు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. ఇద్దరు ఎదురొచ్చారు. మొదటివాడు "మా ఇద్దరిలో ఒక్కడైనా అబద్ధాలవాడు" అన్నాడు. ఎవరు ఎవరు? మొదటివాడే అబద్ధాలవాడైతే వాడి మాట నిజమైపోతుంది, అది కుదరదు. కాబట్టి వాడు నిజాలవాడు, రెండోవాడు అబద్ధాలవాడు. ఇంత చిన్న దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, పుస్తకం చివరికి, నిజమైనా నిరూపించలేని మాటలు గణితంలో ఉంటాయన్న గోడెల్ సిద్ధాంతం దాకా తీసుకెళ్తాడు. మెట్లు ఎక్కుతున్నామని మనకి తెలీనే తెలీదు.

మార్టిన్ గార్డ్‌నర్ ఇంకో రకం. సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పాతికేళ్ళ పాటు గణిత వినోదాల శీర్షిక రాశాడు. వాటిని పుస్తకాలుగా వేసినప్పుడు పాఠకులు పంపిన సవరణలు, ఇంకా మంచి జవాబులు అధ్యాయాల చివర చేర్చాడు. నీ జవాబు కంటే మంచిది నా దగ్గరుంది అని ఎవరో రాస్తే దాన్ని అచ్చు వేయడానికి పెద్ద మనసుండాలి.

శకుంతలా దేవి గురించి చెప్పకపోతే కామెంట్లలో ఊరుకోరు. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో రెండు పదమూడు అంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించారావిడ. అదే ఏడాది మన మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేశారు కూడా. ఆవిడ పజిళ్ళ పుస్తకాలు రైల్లో చదువుకోడానికి చాలా బావుంటాయి. ఆవిడ వేగం మనకి వచ్చేస్తుందని మాత్రం కొనకండి, పజిలు సరదా కోసం కొనండి.

[మూకుడు దించుతూ]

ఇక వంట. మాలతీ చందూర్ గారి "వంటలు-పిండివంటలు" మీ ఇంట్లో ఇప్పటికే ఉండి ఉంటుంది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. పక్క రాష్ట్రం పుస్తకం ఒకటి చూపిస్తాను. ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళంలో వేసిన "సమైత్తు పార్". పేరుకి అర్థం "వండి చూడు". పూర్తి శాకాహారం. ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. సాంబారు పేరు వినడమే తప్ప చేసి ఎరగని కొత్త పెళ్ళికూతురిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టుంటుంది. పేరులోనే దారి పెట్టేశారావిడ. చదివి చూడు అనలేదు, తిని చూడు అనలేదు. వండి చూడమన్నారు.

రెండోది లావు పుస్తకం. యమునాదేవి అని అమెరికా ఆవిడ 1987లో రాశారు, పేరు "లార్డ్ కృష్ణాస్ క్విజీన్". ఇస్కాన్ స్థాపించిన ప్రభుపాదుల శిష్యురాలు. ఉల్లి, వెల్లుల్లి ఎక్కడా ఉండవు. కార్తీకమాసంలో ఏం వండాలా అని తలపట్టుకునే ఇళ్ళకి బంగారం లాంటిది. ఇన్ని వందల వంటలున్న పుస్తకాన్ని మెచ్చుకుంటున్నావేంటి అనకండి. అంకె పెద్దదవడం తప్పు కాదు, అంకె ఒక్కటే చూసి కొనడం తప్పు. ఇందులో ఏ పేజీ తెరిచినా వంట చేస్తున్న మనిషి కనిపిస్తుంది.

వంటల పుస్తకంలో నేను వెతికే పదాలు కొన్నున్నాయి. "అప్పటిదాకా", "వచ్చేవరకు", "లోగా". ఈ మూడూ లేని పుస్తకం పేజీలో బొమ్మ ఎంత నిగనిగలాడినా నేను తీసుకోను.

[మూడో పుస్తకం చేతిలోకి]

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. పునీతురాళ్ళ చరిత్రలు చాలావాటిలో ఏముంటుందంటే, ఆవిడ పుట్టింది, చిన్నప్పటినుంచీ భక్తురాలు, మఠంలో చేరింది, బాధలన్నీ నవ్వుతూ భరించింది, పునీతురాలైంది. "పోపు వేయించి అన్నంలో కలపండి." అంతే! చదివిన ఆడపిల్లకి ఏం మిగులుతుంది? ఆవిడ వేరు, నేను వేరు అన్న దిగులు మిగులుతుంది. నాకు పదమూడో ఏట ఆ దిగులే మిగిలింది.

అవిలాపురి తెరేజమ్మ తన కథ తనే రాసుకున్నారు. స్పెయిన్ దేశం, 1515లో పుట్టుక. గురువులు రాయమంటే రాశారు, 1582లో చనిపోయిన ఆరేళ్ళకి అచ్చయింది. అందులో ఏం ఒప్పుకుంటారో వినండి. వాళ్ళమ్మకి వీరుల సాహస కథల పుస్తకాలంటే పిచ్చి. నాన్నకి గిట్టదు. ఈవిడకీ ఆ పిచ్చి అంటుకుంది. నాన్న కంటపడకుండా రాత్రీ పగలూ చదివేవారట. చేతిలో కొత్త పుస్తకం లేకపోతే తోచేది కాదట. దుప్పట్లో టార్చిలైటు వేసుకుని నవల చదివిన ప్రతి తెలుగమ్మాయికీ ఈవిడ చుట్టమే!

ఇంకా ఉంది. మఠంలో చేరాక కూడా కొన్నేళ్ళపాటు ప్రార్థనలో కూర్చుని, గంట ఎప్పుడు కొడుతుందా, ఎప్పుడు లేద్దామా అని చెవి అటే వేసి ఉండేవారు. ఇరవయ్యో ఏట మఠంలో చేరిన మనిషి మనసు నిజంగా తిరిగింది నలభై దగ్గర పడ్డాక. మఠాల్లో నియమాలు కట్టుదిట్టం చెయ్యాలని తను మొదలుపెట్టిన సంస్కరణకి తొలి మఠం 1562లో వచ్చింది, అప్పటికి నలభై ఏడేళ్ళు. నడుమ ఇరవై ఏళ్ళు ఆవాలు చిటపటలాడలేదండీ. నూనె కాగుతూనే ఉంది. ఆ ఇరవై ఏళ్ళ కథ దాచకుండా రాశారు కాబట్టే నేను ఈ పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాను.

ఆవిడ సంస్కరించిన మఠాల్లో మాంసం ఉండదు, జబ్బు చేసినవాళ్ళకి తప్ప. ఆ సిస్టర్లకే ఇంకో పుస్తకంలో, వంటింటి పని అప్పగించారని దిగులు పడకండి, ప్రభువు కుండల నడుమ కూడా తిరుగుతుంటాడు అన్న అర్థంలో రాశారు. మా పెద్దమ్మ ఈ మాట కాయితం మీద రాసి గ్యాస్ బండ పక్క గోడకి అంటించింది.

ఎదిత్ స్టెయిన్ అనే తత్త్వశాస్త్ర పండితురాలు, యూదుల ఇంట పుట్టినావిడ, 1921 వేసవిలో స్నేహితురాలి ఇంట్లో తెరేజమ్మ ఆత్మకథే తీసి రాత్రంతా చదివారు. మరుసటి ఏడాది జనవరి వచ్చేసరికి, 1922 మొదటి తేదీన, జ్ఞానస్నానం పుచ్చుకున్నారు. 1942లో నాజీలు ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. 1998లో పునీతురాలిగా ప్రకటించారు.

టైము అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను.

ఫ్రాన్స్ దేశపు సిస్టరు, చిన్న తెరేజమ్మ "ఒక ఆత్మ కథ". 24 ఏళ్ళకే పోయారు, 1897లో. మరుసటి ఏడాదే పుస్తకం వచ్చింది. కానీ ఆ తొలి కూర్పుని వాళ్ళక్క బాగా దిద్దేశారు. చేతిరాత ప్రతి ఉన్నదున్నట్టు 1956లో బయటికొచ్చింది. అందుకని కొనేటప్పుడు అసలు రాతప్రతిని అనుసరించిందో లేదో ముందుమాటలో చూసుకోండి. బట్టలుతికేచోట ఎదురుగా ఉన్న సిస్టరు మురికినీళ్ళు మొహం మీద చిందిస్తుంటే పక్కకి జరగకుండా నిలబడ్డానికి ఎంత ప్రయాసపడ్డారో అందులో ఉంటుంది. ఆ పేజీ ఉంటే చాలు, కొనెయ్యండి.

బింగెన్ హిల్డెగార్డ్, 12వ శతాబ్దపు జర్మనీ. తనకంటూ ఒక రహస్య భాష, దానికో లిపి కల్పించుకున్నారు. గింజల గుణాలూ ఆకుల గుణాలూ రాశారు. పజిళ్ళవాళ్ళకీ వంటవాళ్ళకీ ఇద్దరికీ నచ్చుతారు. 2012లో తిరుసభ, అంటే కథోలిక సంఘం, పండితురాలిగా ప్రకటించారు. ఇక మన దేశంలో కేరళ అల్ఫోన్సమ్మ, 2008లో పునీతురాలైన మొదటి భారతీయ మహిళ. ఆవిడ మీద చిన్న చిన్న పుస్తకాలు చాలా ఉన్నాయి. మధ్య పేజీ పరీక్ష పెట్టకుండా ఒక్కటీ తీసుకోకండి.

చివరగా ఒక్కటి. అవిలాపురి తెరేజమ్మ సిస్టర్ల కోసం రాసిన "పరిపూర్ణతా మార్గం"లో చదరంగం ఉంది. ఎత్తులు రాకుండా ఆట గెలవలేరు, ఆ దివ్యరాజుకి కట్టు చెప్పగలిగిన రాణి వినయం ఒక్కటే అంటారు. ఇప్పుడు స్పెయిన్‌లో చదరంగం ఆటగాళ్ళకి ఆవిడే రక్షక పునీతురాలు. అయితే ఆవిడ ఆ పుస్తకం రెండుసార్లు రాశారు, రెండోసారి చదరంగం తీసేశారు. కొన్ని కూర్పుల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

పెద్దమ్మకి నేనిచ్చినదాంట్లో లేదు. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "చదరంగం ఉందన్నావు, రెండుసార్లు తిరగేశాను, ఎక్కడే?" అని అడిగింది. ఇదిగో, ఆ పేజీ ఉన్న కూర్పు ఇది. రేపు పొద్దున్న పోస్టులో వేస్తున్నాను.