గుర్రానికి ఈగల మాస్క్: తొడగడం కన్నా తీసి చూడడమే ముఖ్యం

[పచ్చిక కంచె దగ్గర. చేతిలో మాస్క్. వెనకాల గుర్రం మేస్తోంది.]

నమస్తే అండి. నా చేతిలో ఉన్నది గుర్రాలకు వేసే ఈగల మాస్క్. ఫ్లై మాస్క్ అనే ఎక్కువమంది అంటారు. వెనకాల మేస్తున్నది మల్లి. దూరం నుంచి చూసినవాళ్లు చాలామంది "అయ్యో, దాని కళ్లకు గంతలు కట్టారేంటి" అని అడుగుతుంటారు. గంతలు కావండి. మీరే చూడండి, కెమెరా ముందు పెడుతున్నాను.

[జాలీ లెన్స్‌కి అడ్డంగా.]

కంచె కనిపిస్తోంది, చెట్టు కనిపిస్తోంది, మల్లి కూడా కనిపిస్తోంది. కాస్త మబ్బు పట్టినట్టుంది, అంతే. పగటి వెలుతురులో దీన్లోంచి బాగానే చూడొచ్చు. పగటి వెలుతురులో అన్నాను, ఆ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మాస్క్ తొడగడం రెండు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఎందుకంటే కంటికి ఇంత దగ్గరగా ఒక గుడ్డ రోజంతా ఉండబోతోంది. అది జారినా, చిరిగినా, లోపల ఏదైనా చిక్కుకున్నా గుర్రం సర్దుకోలేదు, మనకు చెప్పలేదు. అందుకే ఈ వీడియోలో తొడగడం గురించి కొంచెం, తీసి చూడడం గురించి ఎక్కువ మాట్లాడతాను.

[మల్లి కన్ను. బాగా దగ్గరి షాట్.]

ముందు ఈ కంటి మూల చూడండి. కాస్త తడిగా ఉంది కదా, ఈగలు దీనికోసమే వస్తాయి. ముఖం మీద వాలే ఈగల్లో ఒక రకం అసలు కుట్టదు. దాని నోటి చివర గరుకుగా, పళ్లలాంటివి ఉంటాయి. వాటితో రెప్ప అంచును గీకుతుంది. గీకితే కన్నీరు ఊరుతుంది, ఆ కన్నీరు తాగుతుంది. కన్నీరు కారేకొద్దీ ఇంకో పది ఈగలు చేరతాయి. ఇవే ఈగలు ఒక గుర్రం కంటి నుంచి ఇంకో గుర్రం కంటికి తిరుగుతూ కంటిపురుగులను మోసుకొస్తాయి. దారపు పోగులా సన్నగా ఉండే పురుగులవి. మామూలు ఇంటి ఈగ కూడా తక్కువేం కాదు. కంటి మూలల్లో, గాయాల మీద వాలి ఇంకో రకం పురుగు పిల్లల్ని వదిలిపోతుంది. ఎండాకాలంలో ఎంతకీ మానని పుండ్లకు అదొక కారణం.

గుర్రం తోకతో ఒళ్లు విసురుకోగలదు. చర్మాన్ని జలదరించి ఈగను లేపగలదు. కాలు నేలకేసి కొట్టగలదు. కళ్ల దగ్గర మాత్రం తల విదిలించుకోవడం తప్ప ఏమీ చేయలేదు. చెవిలో జోరీగ దూరినా, కంట్లో నలుసు పడినా మనం ఒక్క నిమిషం ఓర్చుకోలేం. దానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే బాధ. కాబట్టి ఈగలున్న రోజుల్లో మాస్క్ వేయడం మంచిదే, నేను వేస్తాను.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. ముఖం మీద తెల్లమచ్చ ఉండి, కళ్ల చుట్టూ చర్మం గులాబీ రంగులో ఉండే గుర్రాలకు ఎండ పడదు. రెప్పల మీద క్యాన్సర్ వచ్చే ముప్పు వాటికి ఎక్కువ. యువైటిస్ అని కంటి లోపల వాపు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు ఉన్నవాటికి కూడా ఎండ వెలుగు బాధ పెడుతుంది. అలాంటివాటికి అతినీలలోహిత కిరణాలను ఆపే మాస్కులు ఉంటాయి. అయితే మాస్క్ మందు కాదు. జబ్బు ఉంటే డాక్టర్ చూడాల్సిందే.

[మల్లికి మాస్క్ వేసి ఉంది. తల పక్క నుంచి.]

ఇప్పుడు సైజు సంగతి. పోనీ, కాబ్, ఫుల్ అని సైజులు రాసి ఉంటాయి. ఆ రాతను పూర్తిగా నమ్మకండి, గుర్రం తలే చెప్పాలి. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ తెలియదు. ఇలా పక్కకు రండి. కంటి మీద జాలీ ఉబ్బెత్తుగా ఉంది చూశారా, చిన్న గిన్నె బోర్లించినట్టు. ఇక్కడ మడతలు పెట్టి కుట్టింది అందుకే. ఇప్పుడు మల్లి రెప్ప కొట్టేదాకా ఆగుదాం.

ఆ, కొట్టింది. రెప్ప వెంట్రుకలు జాలీకి తగల్లేదు. మధ్యలో ఖాళీ కనిపిస్తోంది. ఇదే కావాలి. వెంట్రుకలు జాలీని రాస్తున్నాయంటే, కాస్త జారితే చాలు, జాలీ కనుగుడ్డునే రాస్తుంది. గుర్రం కన్ను పెద్దది, బయటికి ఉబ్బి, తలకు పక్కల ఉంటుంది. అందుకే ఒరుసుకోవడం తేలిక.

ఇంతటితో అయిపోలేదు. ఇప్పుడు దాన్ని మేయనివ్వండి.

[మల్లి తల దించి గడ్డి కొరుకుతోంది.]

చాలామంది గుర్రం తల ఎత్తి ఉన్నప్పుడు చూసి "సరిపోయింది" అనుకుంటారు. పచ్చికలో ఉన్న గుర్రం రోజులో ఎక్కువసేపు తల దించుకునే ఉంటుంది. తల దించగానే మాస్క్ ముందుకు జారుతోందా? దవడ ఆడుతుంటే కింది పట్టీ బిగుసుకుంటోందా? అది చూడాలి. నేను దవడ కింద పట్టీలోకి రెండు వేళ్లు పెడుతున్నాను. అది నములుతున్నా వేళ్లు నలగట్లేదు, మరీ వదులుగా కూడా లేవు. నాలుగు వేళ్లు దూరితే మాస్క్ తిరిగిపోతుంది. తిరిగిపోయిన మాస్క్ ఒక కంటిని మూసేస్తుంది. దాంతో గుర్రం ఒక్కసారిగా ఒక పక్క గుడ్డిదైపోతుంది. బెదిరి పరిగెత్తి కంచెకు తగులుకునేది అలాంటప్పుడే.

చెవులున్న మాస్క్ కావాలా, లేనిది కావాలా అని అడుగుతుంటారు. మీ దగ్గర చెవుల్లో దూరి కుట్టే చిన్న నల్ల ఈగలు ఉంటే చెవులున్నదే తీసుకోండి. అవి కుట్టిన చోట చెవి లోపల తెల్లగా, పొలుసుల్లా మచ్చలు కడతాయి. తర్వాత గుర్రం చెవి మీద చెయ్యి వేయనివ్వదు. కానీ చెవి గుడ్డలో మడత పడకుండా, నిటారుగా నిలబడి, నాలుగు పక్కలకీ తిరగాలి. గుర్రం చెవులతో వినడమే కాదు, తోటి గుర్రాలతో మాట్లాడుతుంది కూడా.

[వెల్క్రో దగ్గరి షాట్. చెయ్యి దాన్ని లాగుతుంది.]

ఇది వెల్క్రో. గట్టిగా లాగితే ఊడింది చూశారా, ఊడాలి. గుర్రం వెనక కాలితో చెవి గోక్కుంటుంది, డెక్క మాస్క్‌లో చిక్కుకోవచ్చు. కొమ్మకో, గుంజకో తగులుకోవచ్చు. అప్పుడు మాస్క్ ఊడిపోతే పోయేది మాస్కే. ఊడకపోతే మెడ విరగొచ్చు, లేదా కాలు విరగొచ్చు. మాటిమాటికీ ఊడిపోతోందని దారంతో బిగించినవాళ్లను, పిన్నీసు పెట్టినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఊడిపోతుంటే సైజు తప్పు, లేదా వెల్క్రోలో వెంట్రుకలు నిండిపోయాయి. పాత టూత్‌బ్రష్‌తో ఆ వెంట్రుకలు లాగేస్తే మళ్లీ పట్టుకుంటుంది.

హాల్టర్, అంటే తాడు కట్టడానికి గుర్రం తలకు వేసే పట్టీ, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పచ్చికలో హాల్టర్ వేసి వదలకపోవడమే మంచిది. తప్పనిసరైతే, బలంగా లాగితే తెగిపోయే రకం వాడండి. మాస్క్‌ను దాని పైనుంచి వేయండి. మాస్క్ వేసి, దాని మీద హాల్టర్ బిగిస్తే చెంప పట్టీలు జాలీని నొక్కి కంటి వైపు లాగుతాయి.

ఇక తొడగడం. తాడుతో పట్టుకుని, ఎడమ భుజం పక్కన నిలబడండి. నేరుగా ఎదురుగా వద్దు. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది, కానీ సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద కొంత మేర కనిపించదు. అక్కడి నుంచి గుడ్డ ఎత్తితే బెదరడం దాని తప్పు కాదు. ముందు మాస్క్‌ను వాసన చూడనివ్వండి. తర్వాత వెల్క్రో శబ్దం వినిపించండి. చరచరమని వచ్చే ఆ శబ్దానికే సగం గుర్రాలు ఉలిక్కిపడతాయి. నేను మొదట నాలుగడుగుల దూరంలో తెరిచి మూసి, మల్లి చెవులు మామూలుగా తిరిగేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి వచ్చాను. దానికి రెండు రోజులు పట్టింది. పట్టనివ్వండి.

ఇంకొకటి. తొడిగే ముందు తడిగుడ్డతో కళ్ల చుట్టూ తుడవండి. ఊసులు, మట్టి లోపలే ఉంచి మూస్తే రోజంతా అవే ఒరుసుకుంటాయి. ఈగ లోపల ఉండిపోయిందేమో కూడా చూడండి. తప్పించుకునే దారి లేని ఈగ బయట ఈగ కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. మొదటిసారి వేశాక అరగంట అక్కడే ఉండండి. కొత్త మాస్క్‌తో కొత్త పచ్చికలోకి మాత్రం వదలకండి. దానికి ముందే తెలిసిన కంచెల మధ్య అలవాటు కానివ్వండి.

[మాస్క్ తిరగేసి, అంచు ఉన్నిపట్టీ మీద కెమెరా.]

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం. ఈ అంచు చూడండి, చర్మం ఒరుసుకోకుండా మెత్తగా ఉన్నిపట్టీ కుట్టారు. మెత్తగా ఉంది కాబట్టే దీనికి అన్నీ అంటుకుంటాయి. పల్లేరుకాయలు, గడ్డి ముళ్లు, ఎండుగడ్డి నుసి. ఒకసారి నేను ఒక రోజంతా మల్లి మాస్క్ తీయలేదు. దూరం నుంచి చూశాను, మాస్క్ ఉంది, జారలేదు, బాగానే మేస్తోంది, సరేననుకున్నాను. మర్నాడు పొద్దున తీస్తే ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. చెంప మీద నీటి చార. లోపలి పట్టీలో ఒక గడ్డి ముల్లు, బియ్యపుగింజంత కూడా లేదు, మొన కంటి వైపు తిరిగి ఉంది. డాక్టర్ రంగు చుక్క వేసి చూపిస్తే నల్లగుడ్డు మీద పచ్చగా ఒక గీత మెరిసింది. మానింది, చూపు దక్కింది. కానీ ఆ రాత్రంతా అది ఆ నొప్పితో పచ్చికలో నిలబడి ఉంది. ఆ సంగతి నేను మర్చిపోలేను.

అందుకే రోజుకు ఒక్కసారైనా పూర్తిగా తీయండి, వీలైతే రెండుసార్లు. తీసి, మాస్క్ తిరగేసి అంచంతా వేలితో తడమండి. కంటికి కనిపించని ముల్లు వేలికి దొరుకుతుంది. తర్వాత రెండు కళ్లూ ఒకదానితో ఒకటి పోల్చండి. సమానంగా తెరుచుకున్నాయా? గుర్రం కంటినొప్పికి మొదటి గుర్తు రెప్ప వెంట్రుకలు. బాగున్న కంట్లో అవి అడ్డంగా బయటికి ఉంటాయి, నొప్పిగా ఉన్న కంట్లో కిందికి వాలతాయి. ఒక పక్క వాలాయంటే, నీరు కారుతుంటే, నల్లగుడ్డు మీద మబ్బులా తెలుపు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌ని పిలవండి. రేపు చూద్దాం అనుకునే విషయం కాదు. ఇంట్లో పాత కంటిచుక్కల మందు ఉందని వేసేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, కంట్లో పుండు ఉన్నప్పుడు అది కన్నును పూర్తిగా పాడు చేయగలదు.

చెవుల వెనక, చెంప ఎముక మీద, దవడ కింద వెంట్రుకలు రాలాయేమో, చర్మం ఎర్రబడిందేమో, పిడుదులు పట్టాయేమో కూడా అప్పుడే చూసేయండి.

ఇందాక పగటి వెలుతురు అన్నాను కదా. చీకటిపడే వేళకు మాస్క్ తీసేయాలి. గుర్రం కంటి వెనక వెలుగును తిరిగి కొట్టే పొర ఒకటి ఉంటుంది, రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది దానివల్లే. ఆ పొర ఉండబట్టే మసక చీకట్లో మనకన్నా బాగా చూస్తుంది. జాలీ ఆ కాస్త వెలుగునూ తగ్గించేస్తుంది. పైగా ముఖం మీద ముసిరే ఈగలు చీకట్లో తిరగవు, అప్పుడు మాస్క్‌తో ఒరిగేదేమీ లేదు. వాన ఎక్కువగా పడే రోజున కూడా తీసేయండి. తడిసిన జాలీ బరువెక్కి కంటి మీదికి వాలుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మాస్కులు రెండు ఉంచుకోండి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది వేయొచ్చు. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. ఈగల స్ప్రేను మాస్క్ మీద, ముఖ్యంగా కళ్ల దగ్గర కొట్టకండి. చిరిగినది పారేయండి. చిన్న చిరుగే కదా అని కుట్టి వాడితే ఆ ముడి కంటి ముందే ఉంటుంది. మందలో ఒకదాని మాస్క్ ఇంకోటి పళ్లతో లాగుతుంటే, కొన్నాళ్లు ఆ గుర్రాలు మీ కళ్లెదురుగా ఉన్నప్పుడే మాస్కులు వేయండి. గుర్రప్పిల్లలకు తల త్వరగా పెరుగుతుంది, పోయిన నెల సరిపోయింది ఈ నెల బిగుతు.

లద్దె సంగతి కూడా మరవకండి. వేడి రోజుల్లో ఇంటి ఈగ గుడ్డు నుంచి ఈగగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేస్తే చాలావరకు పుట్టకముందే పోతాయి. పక్కన ఆవులు మేస్తుంటే పేడ మీద కూడా కన్నేయండి. కన్నీరు తాగే ఈగ పుట్టేది తాజా ఆవు పేడలోనే.

[సూర్యుడు కిందికి దిగాడు. మల్లి కంచె దగ్గరికి వచ్చింది.]

పొద్దుపోతోంది, మల్లి మాస్క్ తీసేద్దాం. ఒక చేత్తో మాస్క్ పట్టుకుని, రెండో చేత్తో వెల్క్రో విప్పుతున్నాను. కంటి మీదుగా ఈడ్చకుండా, ముందు కంటికి దూరంగా ఎత్తి, తర్వాత ముక్కు వైపుకు తీస్తున్నాను. వచ్చేసింది. ఎడమ కన్ను బాగుంది. కుడి కన్ను, ఏదమ్మా, ఇటు తిరుగు... బాగుంది. రెండు పక్కలా వెంట్రుకలు అడ్డంగానే ఉన్నాయి.

[వేలు ఉన్నిపట్టీ మీద నడుస్తుంది. ఆగుతుంది.]

ఇదిగో, ఇక్కడ ఒకటి దొరికింది. చూడండి, ఎంత చిన్న ముల్లో.