కెప్లర్ తల్లి మీద మంత్రగత్తె కేసు

[తెర మీద: సూర్యుడు, చుట్టూ దీర్ఘవృత్తంలో తిరిగే గ్రహం]

నమస్కారం. కెప్లర్ నియమాలు మూడూ ఇంటర్ ఫిజిక్సులో బట్టీ పట్టినవాళ్లమే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఈ వీడియో ఆయన తల్లి గురించి. గ్రహాల కాలానికీ దూరానికీ లెక్క కుదిర్చిన ఆ మూడో నియమం 1619లో అచ్చయింది. సరిగ్గా మరుసటి ఏడాది, 1620 ఆగస్టు 7 రాత్రి, డెబ్బై ఏళ్లు దాటిన ఆయన తల్లి కతరీనాను కూతురి ఇంట్లోంచి పట్టుకుపోయారు. ఊరు చూస్తే గొడవవుతుందని ఒక పెట్టెలో పెట్టి మోసుకుపోయారు. ఆమె మంత్రగత్తె అని అభియోగం.

ఇది ఎందుకు ఎత్తుకున్నానంటే, ఐరోపాలో మంత్రగత్తెల వేట అనగానే అందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది. అది మధ్యయుగం, చీకటి కాలం, చదువు లేని జనం, సైన్సు వచ్చాక అన్నీ సర్దుకున్నాయి అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తేదీలు చూడండి. పదో శతాబ్దంలో, అసలు మధ్యయుగం నడిమధ్యలో, చర్చి రాసుకున్న నియమాల్లో ఏముందో తెలుసా? రాత్రిపూట దేవత వెంట ఆకాశంలో తిరుగుతున్నామని కొందరు ఆడవాళ్లు చెబుతుంటే అది కలలో కలిగిన భ్రమ, నిజమని నమ్మడమే తప్పు అని ఉంది. వేట ముదిరింది ఆ తర్వాత ఆరు, ఏడు వందల ఏళ్లకు. సుమారు 1560 నుంచి 1650 దాకా అత్యంత తీవ్రంగా సాగింది. అచ్చుయంత్రం ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, టెలిస్కోపు ఉంది. 1450, 1750 మధ్య మరణశిక్ష పడ్డవాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆడవాళ్లు. ఐస్‌లాండ్‌లో మాత్రం దాదాపు అందరూ మగవాళ్లే.

కాబట్టి ప్రశ్న మార్చుకుందాం. "వాళ్లకు శక్తులు ఉన్నాయా, లేవా" అన్నది వదిలేయండి. ఒక మామూలు మనిషిని మంత్రగత్తెగా ఎలా తయారు చేస్తారు? ఇదీ అడగాల్సింది. కతరీనా కేసులో ఆ పని అంచెలంచెలుగా కళ్లకు కడుతుంది, ఎందుకంటే కోర్టు కాగితాలు మిగిలాయి.

[తెర మీద: లియోన్‌బర్గ్ పటం, దక్షిణ జర్మనీ]

ప్రతి ఊరికీ కిరాణా కొట్టు పద్దుల పుస్తకం లాంటిది ఒకటి ఉంటుందనుకోండి. ఎవరూ రాయరు, అందరికీ గుర్తుంటుంది. ఫలానా ఏడు దూడ చచ్చింది. ఫలానావాడికి కాలు పడిపోయింది. పసిబిడ్డ దక్కలేదు. నష్టం పద్దు ఉంది, బాకీదారు పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీ. ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక తగాదాలో, ఒక పేరు బయటికొస్తుంది. అప్పుడు ఊరంతా పాత పేజీలు తిరగేసి అన్ని ఖాళీల్లోనూ అదే పేరు రాసుకుంటూ పోతుంది.

లియోన్‌బర్గ్‌లో ఆ తగాదా 1615లో వచ్చింది. ఉర్సులా రైన్‌బోల్డ్ అనే ఆవిడకు కడుపులో బాధ. కతరీనా ఇచ్చిన కషాయం తాగాకే ఇలా అయిందని ఆమె చెప్పింది. ఈ రెండు కుటుంబాలకూ అప్పటికే పడదు. కతరీనా మొగుడు ఏనాడో వదిలేసి వెళ్లిపోయాడు. ఆమెకు చదవడం, రాయడం రాదు. మూలికలు కాచి ఇరుగుపొరుగుకు ఇవ్వడం అలవాటు, నోరు కూడా కాస్త పెద్దదే. ఉర్సులా తమ్ముడు రాజుగారింట్లో క్షురక వైద్యుడు, అంటే క్షవరంతో పాటు కోతలూ కట్లూ చేసేవాడు. ఊరి అధికారి ఐన్‌హోర్న్‌తో కలిసి తాగి, కతరీనాను పిలిపించి, ఒంటి మీద కత్తి ఆనించి, మా అక్కకు చేసిన చెరుపు నువ్వే తీయాలని బెదిరించాడు. ఊరుకోకుండా పరువునష్టం దావా వేసింది కెప్లర్ కుటుంబమే. ఇది గుర్తుంచుకోండి. కేసు మొదలైనప్పుడు కతరీనా వాది.

ఇక పద్దుల పుస్తకం తెరుచుకుంది. ఊరి బడిపంతులు బాయిటెల్స్‌పాఖర్ కెప్లర్‌తో కలిసి చదువుకున్నవాడే. కందకం దూకబోయి కాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వచ్చి, కాదు, కతరీనా ఇచ్చిన పానీయం వల్లే కుంటివాణ్ని అయ్యానన్నాడు. ఇటుకలు మోసే ఒక పిల్ల, దారిలో ఆమె చేయి తగిలినందుకు తన చేయి మొద్దుబారిందని చెప్పింది. కాటికాపరి ఇంకొకటి చెప్పాడు. తన తండ్రి పుర్రె తవ్వి ఇస్తే వెండి తొడిగించి కొడుకుకు పాత్ర చేయిస్తానని ఆమె అడిగిందట. ఈ చివరిది నిజమే, అడిగింది. ఎక్కడో ఒక ప్రసంగంలో అలాంటి ఆచారం గురించి విని ఉంది. భయపడి, పిల్ల చేయి సంగతి పట్టించుకోవద్దంటూ ఐన్‌హోర్న్‌కు వెండి పాత్ర ఇవ్వజూపింది కూడా. అది లంచమై ఆమె మెడకే చుట్టుకుంది. నాకు ఇక్కడ కతరీనా మీద చాలా జాలి. నిరపరాధి భయంతో చేసే పనులన్నీ అపరాధి చేసే పనుల్లాగే కనిపిస్తాయి. వాది ముద్దాయి అయింది.

పెట్టెలో పెట్టి తీసుకుపోయాక ఆమెను పద్నాలుగు నెలలు సంకెళ్లలో ఉంచారు. కాపలా మనుషుల ఖర్చు ఆమె ఆస్తిలోంచే. కెప్లర్ అప్పుడు ఆస్ట్రియాలోని లింట్స్‌లో ఉన్నాడు, చక్రవర్తి గారి గణిత శాస్త్రజ్ఞుడు. పని వదిలి వచ్చి, తల్లి తరఫు వాదన దగ్గరుండి నడిపించాడు. విచారణ రాసుకునే గుమాస్తా ఒకచోట ఏం రాశాడంటే, ముద్దాయి హాజరైంది, దురదృష్టవశాత్తూ కొడుకు సాయంతో అని. కొడుకు పక్కన ఉండడం కోర్టుకు అంత ఇబ్బంది.

కెప్లర్ ఏం వాదించాడన్నది నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం. ఎవరైనా ఏమనుకుంటారు? మంత్రగత్తెలు అసలు లేరని వాదించి ఉంటాడనే కదా. అలా అనలేదు. 128 పేజీల వాదనలో ఆయన చేసింది పద్దులు తనిఖీ చేయడం. ఒక్కో పద్దు తీసి, ఈ కాలు ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, ఈ జబ్బుకు అంతకుముందు ఏ మందులు వాడారు, ఈ సాక్షి మొదట ఏం చెప్పాడు, ఇప్పుడేం చెబుతున్నాడు అని అడిగాడు. ఉర్సులా జబ్బుకు ఆమె మింగిన ఘాటు మందులే కారణమన్నాడు. అంగారకుడి కక్ష్యతో ఏళ్లపాటు కుస్తీ పట్టిన మనిషి, గమనించినదానికీ ఊహించినదానికీ తేడా కనిపెట్టడంలో ఆరితేరినవాడు. అదే పని తల్లి కేసులో చేశాడు.

[తెర మీద: 1532 నాటి సామ్రాజ్య శిక్షాస్మృతి ముఖపత్రం]

కోర్టు ఎందుకు తేల్చలేకపోయిందో చెప్పాలి. ఈ జర్మన్ ప్రాంతాలను ఏలిన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు 1532 నాటి శిక్షాస్మృతి ప్రకారం మరణశిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు ఉండాలి, లేదా నిందితులు స్వయంగా ఒప్పుకోవాలి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా. కానీ చేతబడిని కళ్లారా చూసిన సాక్షి ఎక్కడుంటాడు? మిగిలింది ఒప్పుకోలు. ఒప్పుకోలు రావాలంటే చిత్రహింస. చదువుకున్న న్యాయవాదులు, విశ్వవిద్యాలయ పండితులు కలిసి నడిపిన పద్ధతి ఇది. మూర్ఖజనం చేశారని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ న్యాయ పండితులు కతరీనా విషయంలో మధ్యేమార్గంగా, హింసించకుండా హింసా పరికరాలు చూపించి బెదిరించమన్నారు. 1621 సెప్టెంబరులో తలారి ఒక్కొక్క పనిముట్టూ చూపించి అది ఏం చేస్తుందో వివరించాడు. ఒంట్లో నరాలన్నీ ఒక్కొక్కటిగా లాగేసినా ఒప్పుకోవడానికి తన దగ్గర ఏమీ లేదని ఆ ముసలావిడ అంది. ఏడవడం లేదు కాబట్టి మంత్రగత్తేనని అంతకుముందు అంటే, జీవితంలో ఏడ్చి ఏడ్చి కన్నీళ్లు అయిపోయాయని జవాబిచ్చింది. అక్టోబరులో వదిలేశారు. ఆరు నెలలకు, 1622 ఏప్రిల్‌లో చనిపోయింది.

ఆమె అదృష్టం ఏమిటంటే లియోన్‌బర్గ్ ఉన్న వుర్టెంబర్గ్ సంస్థానపు న్యాయస్థానాలు కాస్త నిదానం. జర్మనీలోనే ఇంకో నగరం బాంబర్గ్‌లో అది కూడా లేదు. అక్కడ 1628లో నగర పెద్ద యోహానెస్ యూనియుస్‌నే పట్టుకున్నారు. బొటనవేళ్లు నలిగిపోయిన చేతులతో, దొంగచాటుగా, కూతురు వెరోనికాకు ఉత్తరం రాశాడు. నిరపరాధిగా వచ్చాను, నిరపరాధిగా హింస పడ్డాను, నిరపరాధిగానే చావబోతున్నాను అని. తలారే బతిమాలాడట, అయ్యా, ఏదో ఒకటి కల్పించి చెప్పండి, ఈ హింస మీరు తట్టుకోలేరు అని. చెప్పాడు. ఒప్పుకోగానే వదల్లేదు, మంత్రగత్తెల సభకు ఇంకా ఎవరెవరు వచ్చారో చెప్పమన్నారు. వీధి వీధీ పేరు పెట్టి, ఈ వీధిలో ఎవరు, ఆ వీధిలో ఎవరు అని గుచ్చి గుచ్చి అడిగారు. లియోన్‌బర్గ్‌లో ఖాళీలన్నిటికీ ఒక పేరు దొరికింది. బాంబర్గ్‌లో ఒక్కో పేరూ మరో పది పేర్లు రాయించేది. వేలకు వేలు ఎలా చచ్చారన్నదానికి జవాబు ఇదే.

మరి ఎలా ఆగింది? సైన్సు వల్ల అనకండి, దయచేసి. సాక్ష్యం అడిగినవాళ్ల వల్ల ఆగింది. ఎక్కువమంది నమ్మని ఉదాహరణ చెబుతాను. మతద్రోహులని అనుమానించినవాళ్లను విచారించి శిక్షించే స్పెయిన్ మతవిచారణ సంస్థ (ఇంక్విజిషన్) పేరు చెబితేనే హడలిపోతాం కదా. దాని అధికారి సలాసార్ 1611లో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ పల్లెల్లో తిరిగి సుమారు 1,800 మందిని విచారించాడు. మంత్రపు లేపనాలని తెచ్చినవాటిని పరీక్ష చేయించాడు, వట్టివని తేలింది. మంత్రగత్తెల గురించి మాట్లాడడం, రాయడం మొదలయ్యే దాకా ఈ ఊళ్లలో మంత్రగత్తెలూ లేరు, బాధితులూ లేరు అని నివేదిక పంపాడు. 1614లో కొత్త నిబంధనలు వచ్చాయి, అక్కడ మరణశిక్షలు దాదాపు ఆగిపోయాయి. కెప్లర్ తల్లిని పట్టుకోవడానికి ఆరేళ్ల ముందు! పద్దులు తనిఖీ చేసే ఒక్క మనిషి ఉంటే చాలని నేను అందుకే అంటాను.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సేలం. అమెరికాలో 1692. అక్కడ మంత్రగత్తెలను తగలబెట్టారన్నది తప్పు, ఒక్కరిని కూడా కాల్చలేదు. 19 మందిని ఉరితీశారు, గైల్స్ కోరీ అనే వృద్ధుణ్ని రాళ్ల బరువు కింద నలిపి చంపారు, మరికొందరు జైల్లో పోయారు. నేరం ఒప్పుకుని ఆ మాట మీద నిలబడినవాళ్లు బతికారు, అబద్ధం చెప్పనన్నవాళ్లు ఉరికంబం ఎక్కారు. ఫలానావాళ్ల ఆత్మ వచ్చి నన్ను గిల్లిందన్నది సాక్ష్యంగా తీసుకున్నన్నాళ్లూ కోర్టు నడిచింది. ఆ సాక్ష్యం మీద అనుమానం ముదిరాక అక్టోబరులో గవర్నర్ కోర్టునే రద్దు చేశాడు.

తర్వాత సినిమాలు, బొమ్మలు. చీపురు మీద ఎగిరే బొమ్మ 15వ శతాబ్దపు ఫ్రెంచి రాతప్రతి అంచుల్లో ఉంది. ఆకుపచ్చ చర్మం 1939 నాటి హాలీవుడ్ రంగుల చిత్రం పెట్టిన రంగు. ఇప్పుడు మంత్రగత్తె అంటే ఎవరికీ లొంగని, శక్తి గల స్త్రీ. మీరు కాల్చలేకపోయిన మంత్రగత్తెల మనవరాళ్లం అని కొందరు చొక్కాల మీద రాసుకుంటున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు. కానీ కతరీనా ఆరేళ్లపాటు నేను మంత్రగత్తెను కాను అని మొత్తుకుంది. ఆ పేరు ఆమె ఎన్నడూ కోరుకోలేదు. దాన్ని పొగడ్తగా మార్చి ఆమెకే మళ్లీ తగిలించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మన దగ్గర జానపద చిత్రాల్లో వచ్చేవాడు మాంత్రికుడు. "పాతాళభైరవి"లో ఎస్.వి.రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ని తలుచుకోండి, ఎంత దర్జా, ఎంత అధికారం! బాణామతి, చిల్లంగి, చేతబడి పేరుతో మన ఊళ్లలో దెబ్బలు తినేవాళ్లలో ఆ దర్జా ఎవరికుంది? ఒంటరి ముసలివాళ్లు, నాటువైద్యం చేసేవాళ్లు, భూమి తగాదాలో ఇరుక్కున్నవాళ్లు. మంత్రం నోరు తిరగకూడదని పళ్లు ఊడగొట్టిన సంఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. భయపెట్టే సినిమా చివర్లో, ప్రయోగం నిజమే, నమ్మనివాడే మూర్ఖుడు అని తేల్చే దర్శకులు మన దగ్గర చాలామంది. ఊరి పద్దుల పుస్తకానికి అది సాక్షి సంతకంలా పనిచేస్తోంది. వినోదమే కదా అని నేను సరిపెట్టుకోలేను.

చట్టాలు వచ్చాయి. బిహార్‌లో 1999, జార్ఖండ్‌లో 2001, మన పొరుగున ఒడిశాలో, మహారాష్ట్రలో 2013, కర్ణాటకలో 2017. మంత్రగత్తె అని ఊరు ముద్ర వేసిన జార్ఖండ్ మహిళ ఛుట్నీ మహతో తనలాంటివాళ్ల కోసం పోరాడి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది అస్సాంలో బీరుబాలా రాభాకు కూడా ఇచ్చారు. వాళ్లిద్దరి మీద విడిగా వీడియో చేస్తాను.

మీ ఊళ్లో ఎవరికో జబ్బు చేసి, దానికి ఇంకెవరి పేరో చెప్పుకుంటున్నారని తెలిస్తే, గుంపు కూడే దాకా ఆగకండి. 112కు ఫోన్ చేసి ఊరి పేరు, ఆ మనిషి ఇల్లు ఎక్కడో చెప్పండి. జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి పంపించండి.